చార్లెస్ ఫిలిప్ బ్రౌను: కంపెనీనాటి ఆంగ్లపదములు

భిలాయి ఉక్కునగరమున తెలుగు కుటుంబములు పెక్కు కలవు. 1955వ సంవత్సరమున భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ ఒడంబడిక కుదిరిన పిదప ఈ దుర్గ్ మైదానమున కర్మాగారము కట్టుటకై శ్రీకాకుళము, విశాఖపట్టణము మొదలగు జిల్లాలనుండి తరలివచ్చినవారి సంతతి వీరిలో చాల కలదు. 1959వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు ఇచ్చటి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించెను. నాడు కూలికి వచ్చినవారి మనుమలు నేడు ఇంటిలో తెలుగును, వీథిలో హిందీని, కాగితముపై ఆంగ్లమును వాడుచున్నారు. అట్టి విద్యార్థి యొకఁడు ఒకనాడు తరగతిలో లేచి యొక ప్రశ్న వేసెను. 1611వ సంవత్సరమున ఆంగ్లేయులు మచిలీపట్టణమున ఫ్యాక్టరీ నెలకొల్పిరని చరిత్ర పుస్తకమున ఉన్నదిగదా, ఆ ఫ్యాక్టరీలో ఏమి తయారు చేసెడివారు అని అతఁడు అడిగెను. తోడి విద్యార్థులు నవ్విరి. కాని ఆ ప్రశ్న నవ్వదగినది కాదు. మూడు షిఫ్టులలోను సైరను విని పెరిగిన పిల్లవానికి ఫ్యాక్టరీ యన్నచో అగ్నియు, యంత్రములును స్ఫురించుట సహజము.

మచిలీపట్టణపు ఫ్యాక్టరీలో ఏమియు తయారు కాలేదు. పరుని పక్షమున క్రయవిక్రయములు నడపు ప్రతినిధికి ఆనాటి ఆంగ్లమున ఫ్యాక్టరు అని పేరు. అట్టి ప్రతినిధులు కాపురముండి, నేతగాండ్రకు బయానాలిచ్చి, గుడ్డలు కొని, ఓడ వచ్చువరకు వానిని కొట్లలో భద్రపరచు చోటు ఫ్యాక్టరీ. యంత్రములతో వస్తువులు ఉత్పత్తిచేయు శాల అను అర్థము ఆ పదమునకు ప్రధానమైనది తరువాతి కాలముననే. పదము మారలేదు, అర్థము మారినది. పాత కాగితములు చదువువారికి ఇదియే పెద్ద చిక్కు. తెలియని మాట ఎదురైనచో నిఘంటువు తెరతుము. తెలిసినదనుకొన్న మాట ఎదురైనచో తెరవము.

ఈ చిక్కును తెలుగునేలపై మొట్టమొదట గట్టిగా పట్టించుకొని, దానికై ఒక జీవితమును వెచ్చించినవాఁడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. వేమన పద్యములను వెలికితెచ్చినవాఁడుగా, తాళపత్రములను కాపాడినవాఁడుగా ఆయనను ఆంధ్రులు ఎఱుగుదురు. మాటకు అర్థము ఆ మాట వాడినవాని కాలమునుబట్టి, చోటునుబట్టి, పనినిబట్టి నిర్ణయింపవలెనను నియమము ఆయన బ్రతుకంతటికి సూత్రమైనదని చూపుట ఈ వ్యాసమున ఉద్దేశము.

బాల్యము, విద్య

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను 1786వ సంవత్సరమున కలకత్తాకు వచ్చిన క్రైస్తవ మతాచార్యుఁడు. 1800వ సంవత్సరమున ఫోర్టు విలియం కళాశాల యేర్పడినప్పుడు దానికి ప్రోవోస్టు అను ప్రధాన పదవి ఆయనకు లభించెను. ఆ కళాశాలలో కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పెడివారు. పండితులు, మున్షీలు అచ్చట వ్యాకరణములు, నిఘంటువులు కూర్చుచుండెడివారు. తండ్రియు పిల్లలకు ప్రాచీన భాషలను బాల్యమునుండియే నేర్పించెను. కనుక భాష యనునది కష్టపడి సంపాదించుకొనవలసిన విద్య యని బ్రౌనుకు పసినాటనే తెలిసినది.

ఆ బాలుఁడు పెరిగిన కలకత్తాలో ఆంగ్లేయులు వాడు ఒక మాట ముందు కథకు అవసరము. అది జెంటూ. పోర్చుగీసువారు తమ మతమునకు వెలియైనవారిని జెంతియో అనెడివారు; అదియే ఆంగ్లేయుల నోట జెంటూ అయినది. వంగదేశమున ఆ మాటకు హిందువు అని అర్థము. 1776వ సంవత్సరమున హాల్హెడ్ ప్రకటించిన హిందూ ధర్మశాస్త్ర సంగ్రహమునకు జెంటూ చట్టములనియే పేరు. కాని చెన్నపట్టణమున అదే మాటకు తెలుగువాఁడు, తెలుగు భాష అని అర్థము. కలకత్తాలో పుట్టి చెన్నపట్టణమునకు రానున్న బ్రౌనుకు ఈ యొక్క మాటలోనే రెండు దేశములు ఇమిడి ఉండెను.

1812వ సంవత్సరమున డేవిడ్ బ్రౌను మరణించెను. కుటుంబము ఇంగ్లండునకు చేరినది. బ్రౌను హెయిలీబరీలోని కంపెనీ కళాశాలలో చదివి, కంపెనీ కొలువునకు ఎన్నికై, 1817వ సంవత్సరము ఆగస్టు నెలలో చెన్నపట్టణమున ఓడ దిగెను. అప్పటికి ఆయనకు పందొమ్మిదేండ్లైనను నిండలేదు.

రైటరుగా వచ్చినవాఁడు

ఆయన ఏ ఉద్యోగమునకై వచ్చెనో దాని పేరు రైటరు. ఈనాడు ఆ మాటను రచయిత యని గాని, గుమాస్తా యని గాని అనువదింతుము, రెండును తప్పే. కంపెనీ వర్తకసంఘముగా ఉన్న కాలమున దాని కొలువులో మెట్లు ఉండెడివి. మొదటి మెట్టు రైటరు, దానిపై ఫ్యాక్టరు, ఆపై జూనియరు మర్చంటు, సీనియరు మర్చంటు. చేతికి రాజ్యము వచ్చిన పిదప కూడ కంపెనీ ఈ వర్తకపు పేర్లను చాలకాలము విడువలేదు. కావున రైటరుగా వచ్చిన యువకుఁడు కొలది యేండ్లలో జిల్లాను పాలించెడి అధికారి కాగలఁడు. కలకత్తాలోని రైటర్సు బిల్డింగు అను పేరు ఈ వాడుకకే సాక్షి. కాలక్రమమున ఆ మాట తెలుగునాట క్రిందికి జారి, పోలీసుఠాణాలో కాగితములు వ్రాయువానికి పరిమితమైనది.

కలెక్టరు అను మాట కథ దీనికి భిన్నము. ఆంగ్లమున దానికి వసూలు చేయువాఁడని మాత్రమే అర్థము. భూమిశిస్తు వసూలు చేయుటకు నియమింపబడిన అధికారికి తరువాత న్యాయాధికారము, శాంతిరక్షణాధికారము కూడ సంక్రమించుటచే, తెలుగువాని మనస్సులో కలెక్టరు అను మాటకు జిల్లాకు ప్రభువు అను అర్థము స్థిరపడినది. అట్లే సివిలియను అనగా నేటి ఆంగ్లమున సైనికుఁడు కాని సామాన్యుఁడు. కంపెనీనాటి భారతదేశపు ఆంగ్లమున కంపెనీవారి సివిలు కొలువులోని అధికారి. బ్రౌను ఆ అర్థమున సివిలియను.

చెన్నపట్టణమున 1812వ సంవత్సరమున ఎల్లిసు ప్రయత్నముచే వెలసిన ఫోర్టు సెంటు జార్జి కళాశాల అప్పటికి పనిచేయుచుండెను. కాంబెలు 1816వ సంవత్సరమున ప్రకటించిన తెలుగు వ్యాకరణమునకు ఎల్లిసు వ్రాసిన పీఠికలో తెలుగు మొదలగు దక్షిణభాషలు సంస్కృతజన్యములు కావని, వానికి వేఱు మూలము కలదని నిరూపించెను. ఆ వ్యాకరణపు ముఖపత్రము మీఁద కూడ, తెలుగునకు జెంటూ యను లోకప్రసిద్ధమైన పేరును చేర్చక తప్పలేదు. బ్రౌను ఆ కళాశాలలో చదివెను. వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చుకొనెను. 1820వ సంవత్సరమున పరీక్షలో ఉత్తీర్ణుఁడయ్యెను. తరువాతి కాలమున తాను ప్రకటించిన ఛందోగ్రంథమునకు గాని, వ్యాకరణమునకు గాని, నిఘంటువునకు గాని ఆయన జెంటూ అను పేరు పెట్టలేదు. తెలుగు అనియే పెట్టెను. ఒక జాతిని పిలుచునప్పుడు ఆ జాతి తన్ను తాను పిలుచుకొను పేరే వాడుట న్యాయమని ఆయన ఆచరణమే చెప్పుచున్నది.

కడప, మచిలీపట్టణము, రాజమహేంద్రవరము

1820వ సంవత్సరము ఆగస్టున బ్రౌను కడప కలెక్టరు హాన్బరీకి సహాయకుఁడుగా చేరెను. హాన్బరీ వాడుక తెలుగును ధారాళముగా మాటలాడెడివాఁడు. ఆ యేటనే గవర్నరైన సర్ థామసు మన్రో, అధికారులకు దేశభాష రావలెనని పట్టుపట్టెను. కచేరీలో కూర్చున్న బ్రౌనుకు ఒక సత్యము తోచినది. కళాశాలలో చదివిన గ్రంథభాష ఒకటి, రైతు నోట వచ్చు భాష మఱియొకటి, కరణము కవిలెలో వ్రాయు భాష ఇంకొకటి. ఈ మూడవదానిలో తెలుగుతోపాటు పారసీ, హిందూస్తానీ, మరాఠీ, పోర్చుగీసు, ఆంగ్ల పదములు కలిసిపోయి ఉండెను. జమాబంది, తాకీదు, ఫిర్యాదు, కచేరి అను మాటలు రైతుకు తెలియును. ఆంధ్రభారతము చదివిన పండితుఁడు వానిని మాటలుగానే గణింపఁడు. ఆ మాటల అర్థము తెలియని అధికారి సంతకము చేసినచో రైతు భూమి పోవచ్చును.

1822వ సంవత్సరమున మచిలీపట్టణమునకు, 1825వ సంవత్సరమున రాజమహేంద్రవరమునకు ఆయన బదిలీ అయ్యెను. మచిలీపట్టణమున పండితుల సాయముతో మహాభారతము చదివెను. 1824వ సంవత్సరమున దుబాయి పాదిరి రచించిన గ్రంథమున వేమన ప్రసక్తి చూచి, ఆ పద్యముల ప్రతులను వెదకించి, 1829వ సంవత్సరమున 693 పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. 1839వ సంవత్సరపు ముద్రణమున ఆ సంఖ్య 1164 అయినది. అంతకు ముందే, 1827వ సంవత్సరమున, తెలుగు సంస్కృత ఛందస్సులను వివరించు గ్రంథము వెలువరించెను. వేమన పట్ల ఆయనకు కలిగిన ఆదరమునకు కారణము తత్త్వము మాత్రమే కాదని ఈ వ్యాసకర్త తలంపు. ఆ పద్యములలోని మాటలు వాడుకలోని మాటలు. మాటకు సజీవమైన అర్థము వెదకువానికి అంతకంటె మంచి గని దొరకదు.

కడపలో ఆయన బంగళా కొని, దానియందు పండితులను, లేఖకులను నియమించి, తన జీతమునుండి వారికి జీతములిచ్చెను. జూలూరి అప్పయ్యశాస్త్రి మొదలగు పండితులు అచ్చట ప్రతులను సరిపోల్చి, పాఠభేదములు గుర్తించి, వ్యాఖ్యలు వ్రాసిరి. అయోధ్యాపురము కృష్ణారెడ్డి ఆ పనికి నిర్వాహకుఁడుగా ఉండెను. లోకులు ఆ స్థలమును బ్రౌను కాలేజీ అనుకొనిరి. పుస్తకములకై, పండితులకై చేసిన వ్యయము ఆదాయమును మించి, ఆయన అప్పులపాలయ్యెను. అయినను లేఖకులను మాన్పింపలేదు.

ఒక మాటకు చెల్లించిన మూల్యము

1832-33 సంవత్సరములలో గుంటూరు ప్రాంతమున ఘోరమైన కరువు వచ్చినది. నందననామ సంవత్సరమగుటచే దానిని నందన కరువనిరి. జనుల డొక్కలు బయటపడినవి గనుక డొక్కల కరువనియు అనిరి. సుమారు ఐదు లక్షల జనాభా గల గుంటూరు జిల్లాలో లక్షన్నర మొదలు రెండు లక్షల వరకు జనులు మడిసిరని అనంతరకాలపు ప్రభుత్వ నివేదికలు లెక్కించినవి. బ్రౌను ఆ కాలమున ఆ ప్రాంతమున అధికారిగా ఉండి, ప్రాణములు కాపాడుటకు పాటుపడెను. ప్రభుత్వమునకు వ్రాసిన కాగితములలో జరుగుచున్నదానిని ఫామిను, అనగా కరువు, అనియే పేర్కొనెను. ఆ మాట వాడినందులకు పై అధికారుల ఆగ్రహమునకు, మందలింపునకు గురియయ్యెను.

ఒక మాటకు ఇంత పట్టుదల యేల? సమాధానము ఆ మాటల చరిత్రలోనే కలదు. ప్రాచీనాంగ్లమున కరువునకు హంగర్ అను మాటయే చెల్లెడిది. అది నేడు ఒక్క మనుష్యుని ఆకలికి దిగినది. స్టార్వ్ అను క్రియకు మొదట చనిపోవుట అని మాత్రమే అర్థము. ఆకలిచే చనిపోవుట అను అర్థము తరువాత ఏర్పడి, నేటి సంభాషణలో మిక్కిలి ఆకలిగొనుట వరకు పలుచబడినది. డెర్త్ అను మాట డియర్ అను విశేషణమునుండి పుట్టినది; ప్రియము, వెల హెచ్చు అని దాని మూలార్థము. స్కేర్సిటీ యనగా కొరత. ఫామిను లాటినులో ఆకలికి గల పేరునుండి ఫ్రెంచి మార్గమున వచ్చినది. ఈ మాటలన్నియు ఒకే విపత్తు చుట్టు తిరుగుచున్నవి. కాని కొరత యన్నచో ధాన్యమును గూర్చి చెప్పినట్లు. వెల హెచ్చినదన్నచో అంగడిని గూర్చి చెప్పినట్లు. కరువన్నచో మనుష్యులను గూర్చి చెప్పినట్లు.

కచేరీలో ఈ భేదము ఇంకను ముఖ్యము. ధాన్యము కొరతపడినదని వ్రాసినచో శిస్తు వసూలు కొనసాగవచ్చును. వర్తకులే ధాన్యము తెత్తురని ఊరకుండవచ్చును. కరువు వచ్చినదని వ్రాసినచో శిస్తు మాఫీ, గంజికేంద్రములు, పనులు అను ప్రశ్నలు వెంటనే లేచును. మాట ఒప్పుకొనుట బాధ్యత ఒప్పుకొనుటయే. ఏబదియేండ్ల పిదప 1880వ సంవత్సరపు కరువు కమీషను నివేదికను అనుసరించి 1883వ సంవత్సరమున కరువు నియమావళి వెలువడినప్పుడు, కొరత యెక్కడ ముగిసి కరువు ఎక్కడ మొదలగునో ప్రభుత్వమే నిర్ణయింపవలసివచ్చెను. బ్రౌను అట్టి నియమావళి లేని కాలమున, కంటితో చూచినదానికి సరియైన పేరు పెట్టెను.

1834వ సంవత్సరమున ఆయన ఉద్యోగము కోల్పోయెను. పిదప ఇంగ్లండునకు వెడలెను. కరువు కాగితములకును దీనికిని కార్యకారణ సంబంధము కట్టుట తొందరపాటగును. అయినను మాటయొక్క యథార్థత ఒక్కొక్కప్పుడు ఉద్యోగికి ఎంత బరువగునో ఆయన ఎఱిగియుండెననుటలో సందేహము లేదు.

లండనులో ఆయన ఊరక కూర్చుండలేదు. ఇండియా హౌసు గ్రంథాలయమున దుమ్ముపట్టియున్న దక్షిణభాషల వ్రాతప్రతులను హోరేసు హేమన్ విల్సను సహకారముతో పరిశీలించి, 2106 గ్రంథములను గుర్తించి, అవి చెన్నపట్టణమునకు చేరునట్లు చేసెను. పిమ్మట పారసీ అనువాదకుఁడుగా మరల కంపెనీ కొలువున చేరి చెన్నపట్టణమునకు వచ్చెను.

నిఘంటువులు

మిగిలిన కాలము నిఘంటువులదే. 1840వ సంవత్సరమున తెలుగు వ్యాకరణము వెలువడెను. 1846వ సంవత్సరమున పోస్టుమాస్టరు జనరలు పదవి వచ్చినది. పగటివేళ కొలువు, తక్కిన వేళ నిఘంటువు. 1852 మొదలు 1854 వరకు గల మూడేండ్లలో తెలుగు-ఆంగ్ల నిఘంటువు, ఆంగ్ల-తెలుగు నిఘంటువు, మిశ్రభాషా నిఘంటువు వెలువడినవి.

ఆయనకు పూర్వులు లేకపోలేదు. మచిలీపట్టణవాసి మామిడి వెంకయ్య ఆంధ్రదీపికను కూర్చెను. కాంబెలు 1821వ సంవత్సరమున తెలుగు నిఘంటువును ప్రకటించెను. బ్రౌను ప్రత్యేకత పదముల సంఖ్యలో లేదు, పద్ధతిలో ఉన్నది. కావ్యమునుండి యెట్లో, అట్లే ఉత్తరమునుండి, అర్జీనుండి, సంతనుండి, వంటయింటినుండి ఆయన మాట తీసికొనెను. ఒక్కొక్క మాటకు ప్రయోగము చూపెను. మాట యే సందర్భమున ఏ అర్థమిచ్చునో ప్రయోగమే చెప్పునని ఆయన నమ్మకము. ఆయన మరణించిన మరుసటి యేట, 1885వ సంవత్సరమున, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము వెలువడినది. కావ్యభాషకు అది నేటికిని ప్రమాణము. కాని ఒక అర్జీ చదువవలసి వచ్చినప్పుడు శబ్దరత్నాకరము మౌనము వహించును. బ్రౌను నిఘంటువు మాటలాడును.

మూడవదగు మిశ్రభాషా నిఘంటువును మనవారు తక్కువగా తలచిరి. తెలుగున చేరిన పరభాషాపదములకు, కచేరీల వాడుకకు అది కోశము. అచ్చతెనుఁగు అభిమానులకు అది మైలభాషా పట్టికగా కనబడియుండును. పరిశోధకునకు అది తాళపుచెవి. ఏలయన, ఒక పరభాషాపదము తెలుగున ప్రవేశించిన పిదప దాని అర్థమును నిర్ణయించువాఁడు లండనులోని ఆంగ్లేయుఁడు కాదు, ఆ మాటను వాడు తెలుగువాఁడే. రైటరు, కలెక్టరు అను మాటలకు మనము పైని చూచినది ఇదియే. అర్థములు కొన్ని ఆంగ్లమున మారిపోయిన తరువాత కూడ తెలుగున నిలిచినవి. కొన్ని ఆంగ్లమున లేనివి తెలుగున పుట్టినవి.

ఇచ్చట ఒక స్వానుభవము చెప్పుకొనవలెను. ఈ వ్యాసకర్త పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు కంపెనీనాటి లెక్కల పత్రమొకటి చదువుచు, మూడు గడులలో పగోడా, ఫణము, కాష్ అను మాటలు చూచెను. పగోడా యనగా దేవాలయమని తెలియును గనుక, మొదటి గడి దేవాలయముల ఖర్చని వ్రాసికొనెను. కాష్ యనగా నగదని యెఱుగనివారెవరు? మూడవ గడి చేతిలోని నగదని వ్రాసికొనెను. లెక్క ఎంతకును కుదరలేదు. పది దినములు పోయిన పిదప తెలిసినది: పగోడా యనగా ఆ పత్రమున వరహా. మూడున్నర రూపాయలకు సమానము. నలుబదిరెండు ఫణములు ఒక వరహా. ఎనుబది కాసులు ఒక ఫణము. కాష్ అనునది మన కాసే; పెట్టె యను అర్థము గల ఫ్రెంచి మాటనుండి పుట్టిన ఆంగ్లపు కాష్‌తో దానికి చుట్టరికము లేదు. ఒకే అక్షరములు, రెండు మాటలు. అజ్ఞానమువలన కాక, తెలియునను ధీమావలన జరిగిన తప్పిది.

బ్రౌను పనిలో లోపములు లేవని అనరాదు. ప్రతులను సరిపోల్చి పాఠము నిర్ణయించునప్పుడు తన అభిరుచికి తగినదానిని ఎన్నుకొన్న సందర్భములు కలవు. పరభాషాపదములను వేఱు సంపుటమున ఉంచుటచే, వాడుకలో కలిసియున్న భాషను కాగితముపై విడదీసినట్లైనది. 1903వ సంవత్సరమున తెలుగు-ఆంగ్ల నిఘంటువును పునఃపరిష్కరించినప్పుడు కందుకూరి వీరేశలింగము మొదలగువారు దానికి చేసిన చేర్పులు, దిద్దుబాట్లు ఆ గ్రంథమునకు అవసరమే అయినవి. తన పేరిట వెలసిన దానిలో పండితుల శ్రమ ఎంతయో మనము మఱవరాదు. అయినను ఆ శ్రమను ఒక త్రాటిపై నడిపించిన బుద్ధి ఆయనది.

చివరి దినములు

1855వ సంవత్సరమున బ్రౌను భారతదేశమును విడిచి లండనునకు వెడలెను. ఆ యేటనే విల్సను తన శిస్తు, న్యాయ పరిభాషల కోశమును ప్రకటించెను. 1865వ సంవత్సరమునుండి లండనులోని యూనివర్సిటీ కాలేజీయందు బ్రౌను తెలుగు ఆచార్యుఁడుగా ఉండెను. అచ్చటి శిష్యులకు తెలుగు ఒక పరదేశభాష; గురువుకును తెలుగుదేశము అప్పటికి దూరమైనదే. స్వరాష్ట్రమునకు వెలుపల తెలుగు చెప్పుకొని బ్రతుకువారికి ఆ ముసలి ఆచార్యుని స్థితి కొంత బోధపడును. ఆయన వివాహము చేసికొనలేదు. 1884వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన తన యెనుబదియేడవ యేట లండనులో మరణించెను; కెన్సల్ గ్రీను శ్మశానవాటికలో ఆయనను ఖననము చేసిరి.

ఆ 1884వ సంవత్సరముననే, ఫిబ్రవరి మాసమున, ఆక్స్‌ఫర్డు నిఘంటువు మొదటి భాగము వెలువడినది. ఆంగ్లమునందలి ప్రతి మాటకును పుట్టుకనుండి నేటివరకు గల అర్థములను ప్రయోగముల సాక్ష్యముతో వరుసగా చూపుట ఆ నిఘంటువు సంకల్పము. రెండేండ్ల పిదప యూలు, బర్నెలు అనువారి హాబ్సన్-జాబ్సన్ కోశము వెలువడి, భారతదేశపు ఆంగ్లమునకు అదే న్యాయము చేసెను. జెంటూ అను మాట చరిత్ర అందు చూడవచ్చును. ప్రయోగమునుబట్టి అర్థము నిర్ణయించు మార్గమును బ్రౌను ముప్పదియేండ్లకు పూర్వమే తెలుగునకు చూపియుండెను.

ఆయన జ్ఞాపకమును నిలిపినవారును తెలుగువారే. బంగోరె యనుపేర ప్రసిద్ధుఁడైన బండి గోపాలరెడ్డి ఆయన లేఖలను వెదకి వెలుగులోనికి తెచ్చెను. కడపలో ఆయన నివసించిన చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలచే గ్రంథాలయము వెలసి, భాషాపరిశోధన కేంద్రముగా పెరిగినది.

భిలాయి విద్యార్థి ప్రశ్నకు ఆనాడు ఇచ్చిన సమాధానము ఇంతటితో ముగియలేదు. అతనికి మఱొక మాట కూడ చెప్పవలసివచ్చెను. అతని తండ్రి కరిగించు లోహమునకు మనము ఉక్కు అందుము. కన్నడమునను అదియే పేరు. ఆ మాటయే ఆంగ్లేయుల చేతివ్రాతలో చెడి ఊట్జ్ అను రూపము పొంది, 1795వ సంవత్సరమున జార్జి పియర్సను రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసమున అచ్చుపడి, నేటికిని లోహశాస్త్రగ్రంథములలో నిలిచియున్నది. ఫ్యాక్టరీ అచ్చటినుండి వచ్చి అర్థము మార్చుకొన్నది. ఉక్కు ఇచ్చటినుండి పోయి రూపము మార్చుకొన్నది. ఆ విద్యార్థి తరువాతి వారము తన తాతగారి కాగితములు కొన్ని తెచ్చెను. 1950ల నాటి నియామకపత్రములు, గుర్తింపు చీటీలు అవి. వానిలోని మాటలలో కొన్ని అప్పటికే అతనికి అర్థము కాకున్నవి. ఇప్పుడు వానిని అతఁడు ఒక నోటుపుస్తకమున అకారాదిగా వ్రాసికొని, ప్రక్కన ఆ మాటకు తాత చెప్పిన అర్థమును, తాను అనుకొన్న అర్థమును వేఱువేఱుగా గుర్తించుచున్నాఁడు. ఈ విధమైన పనికి తెలుగునాట మార్గదర్శి యెవరని అడిగినవారికి బ్రౌను పేరు చెప్పుట యుక్తము.